కీళ్లనొప్పులకు చింతపులుసు కారణమా?

కీళ్లనొప్పులకు మందు రాయించుకొని వెళ్లేవారు లేవబోతూ అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "పులుపు మానేయాలా డాక్టరమ్మా?" కొందరు అడగరు కూడా. ముందే మానేసి వస్తారు. పులుసు లేదు, చారు లేదు, చింతకాయ తొక్కు లేదు, ఆరు నెలలుగా ఉత్త పప్పుతోనే సంగటి తింటున్నామని చెబుతారు. ఎవరు మానమన్నారంటే పక్కింటి జేజి, నాటువైద్యుడు, బస్సులో పక్కన కూర్చున్నవారు. పులుపు ఎముకలను తినేస్తుందని వారి మాట. ఇంత పథ్యం చేసినా నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. ఉండడమే కాదు, కొందరికి నడుము మరింత బిగుసుకుపోతుంది.

అందుకే ఈ సంచికలో చింతచెట్టును పాఠంగా తీసుకున్నాము. దాని పండు, గింజ మన ఒంటికి ఏమి చేస్తాయి, ఏమి చేయవు అన్నది చూద్దాము. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పులుసు గిన్నెతో పాటు నీళ్ల బిందె గురించి కూడా మాట్లాడాలి.

ఎక్కడి చెట్టు?

చింత మన చెట్టే అనుకుంటాము గాని, దాని పుట్టిల్లు ఆఫ్రికా ఉష్ణమండలం అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. ఎంతో పూర్వమే మన దేశానికి వచ్చి, అడవుల్లోను పొలం గట్లమీదను పాతుకొని ఇక్కడిదే అయిపోయింది. అరబ్బు వర్తకులు దీని పండును "తమర్ హింది" అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. ఆ మాటనుండే 1753లో లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి టామరిండస్ ఇండికా అని పేరు పెట్టాడు. ఆఫ్రికా చెట్టుకు శాశ్వతంగా ఇండియా ఇంటిపేరు వచ్చింది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుగా మాత్రమే వాన కురిసే మన అనంతపురం సీమలో (2022 ఏప్రిల్ 4 నుండి మనం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాము) వేరుసెనగ ఎండిన సంవత్సరాల్లో కూడా చింతచెట్టు ఎంతోకొంత కాస్తుంది. వేరు లోతుకు పోతుంది, ఆకు చిన్నది, నీరు పొదుపుగా వాడుకుంటుంది. హిందూపురం మార్కెట్టు యార్డు చింతపండుకు పేరుపొందినది. ధరల పట్టికలో కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలు కనబడతాయి. అనంతపురం దగ్గర రేకులకుంట ఉద్యాన పరిశోధన స్థానంవారు గుజ్జు ఎర్రగా ఉండే "అనంత రుధిర" అనే రకాన్ని కూడా గుర్తించి వెలుగులోకి తెచ్చారు.

చింతచెట్టు కింద పడుకుంటే ప్రాణానికి ముప్పు అనేది మరొక మాట. రాత్రిపూట ఏ చెట్టయినా బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. ఆరుబయట గాలి కదులుతుండగా దానివల్ల మనిషికి హాని జరగదు. నిజానికి 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నదికి వరద వచ్చినపుడు సుమారు 150 మంది ఒక చింతచెట్టు కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనిది. చింతచెట్టు మీద దయ్యాలుంటాయని పిల్లలను భయపెట్టేవారు ఈ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

పండులో ఏముంది?

చింతపండు గుజ్జులో తార్టారిక్ ఆమ్లం 8 నుండి 18 శాతం వరకు ఉంటుంది. నాలుకను కొరికే ఆ పులుపు దానిదే. దానితోపాటు చక్కెర కూడా బాగానే ఉంది గాని పులుపు దాన్ని కప్పేస్తుంది. పొటాషియం, మెగ్నీషియం, కొంత కాల్షియం ఉన్నాయి. పుల్లగా ఉన్నవాటన్నిటిలో సి విటమిన్ ఉంటుందనుకోవడం పొరపాటు. వంద గ్రాముల చింతపండులో సి విటమిన్ మూడు మిల్లీగ్రాముల దరిదాపు మాత్రమే. ఉసిరికాయలో దానికి ఎన్నో పదుల రెట్లు ఉంటుంది. సి విటమిన్ కావాలంటే ఉసిరి, జామ, నిమ్మ తినండి. అయితే ఆకుకూరల్లోను రాగుల్లోను ఉండే ఇనుమును ఒళ్లు పట్టించుకోవడానికి పులుపు కొంత తోడ్పడుతుంది. ఆకుకూర పప్పులో చింతపండు వేసే మన అమ్మల అలవాటు ఆ లెక్కన మంచిదే.

ఇక అసలు ప్రశ్న. పులుపు ఎముకలను కరిగిస్తుందా? కోడిగుడ్డు పెంకును పుల్లటి నీళ్లలో వేస్తే మెత్తబడడం చూసి, లోపల ఎముకకూ అదే జరుగుతుందని జనం అనుకొని ఉండవచ్చు. కాని మనం తిన్న పులుపు నేరుగా ఎముక దగ్గరకు పోదు. కడుపులో అంతకంటే ఘాటైన ఆమ్లం ఎప్పుడూ ఉండనే ఉంటుంది. రక్తంలో పులుపు పెరగకుండా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రాత్రింబగళ్లు కాపలా కాస్తుంటాయి. కూరలో, చారులో వేసుకొనే చింతపండువల్ల మోకాలు అరిగినట్లు గాని, వాతం పెరిగినట్లు గాని రుజువు లేదు. కడుపులో పుండు, గుండెమంట ఉన్నవారికి పులుపు బాధ పెంచుతుంది. వారు తగ్గించుకోవాలి. అది కడుపు సంగతి, కీళ్ల సంగతి కాదు.

మరి నొప్పి ఎందుకు?

కీళ్లనొప్పులకు కారణాలు చాలా ఉన్నాయి. వయసు, బరువు, వాతజ్వరం, మోకాలి అరుగుదల, డి విటమిన్ లోపం. ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే. మన ప్రాంతంలో వీటికి తోడు మరొకటి ఉంది, అది నీళ్లలోని ఫ్లోరైడు. గ్రానైటు రాళ్లనుండి ఊరిన నీటిలో ఇది కలుస్తుంది. నీళ్లు అడుగంటి బోరు లోతుకు దించేకొద్దీ చాలాచోట్ల ఇది ఎక్కువవుతుంది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఉప్పునీళ్లయితే నోటికి తెలుస్తుంది. ఫ్లోరైడు నీళ్లు తియ్యగా కూడా ఉండవచ్చు.

మన దేశంలో ఈ జబ్బును మొదట వివరంగా రాసింది తెలుగు నేలమీదనే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో వంగని నడుములు, బిగిసిన మెడలు ఉన్న రైతులను పరీక్షించి, నీళ్లలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు నల్లగొండ జిల్లా పిల్లల్లో మోకాళ్లు రెండూ లోపలికి ఒరిగిపోయే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వర్ణించారు. మన జిల్లా కూడా ఫ్లోరైడు పీడ ఉన్న జిల్లాలలో ఒకటి.

దీని తీరు ఇలా ఉంటుంది. ఎనిమిదేళ్ల లోపు, పళ్లు లోపల తయారవుతున్న వయసులో, ఫ్లోరైడు నీళ్లు తాగిన పిల్లలకు పళ్లమీద సుద్దలాంటి తెల్లని మరకలు, తరువాత పసుపు, గోధుమరంగు చారలు వస్తాయి. ఈ చారలు బ్రష్షుతో పోవు, పిల్లవాడు పళ్లు తోమడంలేదని కొట్టవద్దు. పెద్దయ్యాక వచ్చి చేరినవారికి పళ్లు తెల్లగానే ఉండవచ్చు, కాని ఎముకలకు మినహాయింపు లేదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడు ఎముకలో చేరి, కీళ్ల చుట్టూ ఉన్న నరాలు, కండరాల పట్టీలు గట్టిపడతాయి. ఉదయం లేవగానే మెడ, నడుము బిగుసుకోవడం, చేతులు కాళ్లు తిమ్మిర్లు, చివరికి నడుము వంగకపోవడం.

ధర్మవరంలో పట్టు నేసేవారి విషయంలో ఇది ఎక్కువగా మరుగున పడిపోతుంది. గుంట మగ్గంలో రోజుకు పదిగంటలు కూర్చొని, కాళ్లతో తొక్కుతూ, ముందుకు వంగి నేసేవారికి నడుమునొప్పి రావడం సహజమే కనుక అందరూ మగ్గాన్నే అంటారు. ఇంట్లో మగ్గం ముట్టని తాతకు, వంటింట్లో ఉండే కోడలికి కూడా అదే నొప్పి, అదే బిగువు ఉంటే మాత్రం మగ్గాన్ని ఒక్కదాన్నే నిందించలేము. ఆ ఇల్లంతా ఏ నీళ్లు తాగుతున్నదో అడగాలి.

ఇంట్లో చేసుకోదగిన మూడు పరీక్షలు ఉన్నాయి. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు తాకగలరా? గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా? రెండు చేతులూ చాచి, మడిచి, తలవెనుక భాగాన్ని తాకగలరా? ఇవి చేతకానంత మాత్రాన ఫ్లోరైడు జబ్బు అని తేలినట్లు కాదు. కాని ఆసుపత్రికి రావడానికి అది చాలినంత కారణం. మేము ముంజేతి ఎక్స్‌రే తీసి, నీటి పరీక్ష ఫలితంతో కలిపి చూసి చెబుతాము.

చింతపండుమీద జరిగిన పరీక్ష

ఇక్కడే చింతపండు కథ తిరగబడుతుంది. నొప్పి ఉన్నవారికి పులుపు శత్రువని ఊరంతా అంటుంటే, జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షకు పెట్టి చూశారు. సాంఘిక సంక్షేమ హాస్టలులో ఉండే సుమారు ఇరవైమంది ఆరోగ్యవంతులైన మగపిల్లలకు రోజూ మధ్యాహ్నం భోజనంతో 10 గ్రాముల చింతపండు ఇస్తూ 18 రోజులు గమనించారు. వారి మూత్రాన్ని సేకరించి ఎంత ఫ్లోరైడు బయటికి పోతున్నదో కొలిచారు. మామూలు భోజనం తిన్నపుడు రోజుకు 3.5 మిల్లీగ్రాములు పోతుండగా, చింతపండు తిన్నపుడు 4.8 మిల్లీగ్రాములు పోయింది. పైగా ఒంటికి కావలసిన మెగ్నీషియం, జింకు మూత్రంలో వృథాగా పోవడం తగ్గింది. ఈ ఫలితాలు 2002లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్ అనే పత్రికలో వచ్చాయి.

10 గ్రాములంటే చిన్న ఉసిరికాయంత ఉండ. పులుసు, చారు తినే మన ఇళ్లలో ఒక మనిషి వంతుకు ఇది పెద్ద మోతాదేమీ కాదు. అంటే ఫ్లోరైడు ఊళ్లో ఉంటూ నొప్పి కోసమని పులుపు మానేసినవారు, తమకు కాస్త మేలు చేస్తున్నదాన్నే పళ్లెంలోనుండి తీసేస్తున్నారన్నమాట.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ పరీక్ష చిన్నది, కొద్దిరోజులది, ఆరోగ్యంగా ఉన్న పిల్లలమీద జరిగినది. వంగిపోయిన ఎముకను చింతపండు నిటారు చేస్తుందని గాని, మరకల పళ్లను తెల్లగా చేస్తుందని గాని అది చెప్పలేదు. "చింతపండు రసం తాగితే ఫ్లోరైడు జబ్బు పోతుంది" అని ఎవరైనా పొట్లాలు కట్టి అమ్మితే నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. ఒక చేత్తో బోరునీళ్లు తాగుతూ మరో చేత్తో చింతపండు తింటే, కన్నమున్న పడవలో నీళ్లు తోడిపోసినట్లే. కన్నం ముందు మూయాలి.

ఏ నీళ్లు తాగాలి?

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. దానికి మించితే పిల్లల పళ్లకు ముప్పు. మూడు నాలుగు దాటి, అదే నీరు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు ముప్పు.

మరిగిస్తే ఫ్లోరైడు పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. నీరు ఆవిరైపోయి ఫ్లోరైడు మిగిలి ఇంకా చిక్కబడుతుంది. క్రిములు చంపడానికి మరిగించడం మంచిదే, ఫ్లోరైడుకు మాత్రం అది పనికిరాదు. బట్టతో వడకట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టరు పెట్టినా పోదు. ఆర్.ఓ. యంత్రం చాలావరకు తీసేస్తుంది, కాని లోపలి పొరను వేళకు మార్చకపోతే అది పేరుకే ఆర్.ఓ. క్యాను నీళ్లు కొనేవారు ప్లాంటువారిని నీటి పరీక్ష కాగితం చూపమని అడగవచ్చు, అడగడానికి మొహమాటం అక్కరలేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతిని 1970లలో నాగపూరులోని నీరి సంస్థవారు రూపొందించారు, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు. అది కొలత ప్రకారం చేయాలి. చేతికందినంత పటిక వేస్తే మరో బెడద.

అన్నిటికంటే మేలైనది నదినుండి, జలాశయంనుండి పైపులో వచ్చే నీరు, దానిలో సాధారణంగా ఫ్లోరైడు తక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో వందల గ్రామాలకు అలాంటి నీరు చేర్చింది. తరువాత ప్రభుత్వ పథకాలూ వచ్చాయి. చిక్కు ఎక్కడంటే, పైపులో నీరు రాని రోజుల్లో ఇళ్లవాళ్లు మళ్లీ బోరు దగ్గరికే పోతారు. అలాంటి రోజులకోసం తాగడానికి, వంటకు సరిపడా పైపునీరు మూతపెట్టి వేరుగా దాచుకోండి. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరునీళ్లు వాడుకోవచ్చు. చర్మంగుండా ఫ్లోరైడు ఒంట్లోకి పోదు. వాననీరు శుభ్రంగా పట్టుకోగలిగితే దానిలో ఫ్లోరైడు ఉండదు.

నీళ్లతోపాటు తిండి. ఒంట్లో కాల్షియం తక్కువగా ఉన్న పిల్లలను ఫ్లోరైడు మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఈ విషయంలో మన రాగిముద్దకు సాటిలేదు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పట్నం అలవాట్లు వచ్చి పిల్లలు సంగటిని వదిలేస్తున్నారు, మాకు బాధ కలిగించే సంగతుల్లో ఇదొకటి. రాగి సంగటి, చింతచిగురు పప్పు, గ్లాసు మజ్జిగ, ఒక జామకాయ పెట్టండి. చిన్నపిల్లలకు టీ పట్టించవద్దు, తేయాకు తనంతట తాను ఫ్లోరైడును పోగుచేసుకొనే మొక్క.

గింజ తీసే చేతులు

మాఘ ఫాల్గుణాలనుండి ఎండలు ముదిరేవరకు హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో అరుగులమీద ఆడవాళ్లు కూర్చొని చింతకాయ పెంకు కొట్టి, నార లాగి, గింజ తీస్తుంటారు. కిలోకింత అని కూలి. ఈ పనిచేసే అక్కచెల్లెళ్లకు వచ్చే బాధలు మా దగ్గరికి సీజనులో తప్పక వస్తాయి. వేలికొనలు పగిలి పులుపు తగిలి మండడం, బొటనవేలి కీలు వాచడం, గొంతుక్కూర్చొని మోకాళ్లు పట్టేయడం, పెంకు దుమ్ముకు దగ్గు.

పని మొదలుపెట్టే ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకొని, వేళ్లకు పాత నూలుగుడ్డ చుట్టుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. నేలమీద కాక చిన్న పీటమీద కూర్చొని, గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. గంట పోతే కూలి తగ్గుతుందని మాకు తెలుసు, రెండు నిమిషాలు చాలు. చక్కెరజబ్బు ఉన్నవారు, ఎప్పుడైనా కుష్ఠువ్యాధికి మందు వాడి చేతుల్లో స్పర్శ తగ్గినవారు సాయంత్రం వెలుగులో రెండు అరచేతులూ తిప్పి చూసుకోవాలి. నొప్పి తెలియదు కనుక పెంకు కోసిన గాయం చీముపట్టేవరకు కనబడదు. ఈ విషయంలో ఇంట్లోని పిల్లలు సాయపడవచ్చు, వారి కళ్లు చురుకు.

గింజ సంగతి

తీసిన గింజ వ్యర్థం కాదు. 1942లో టి.పి.ఘోష్, ఎస్.కృష్ణ అనే ఇద్దరు భారతీయ శాస్త్రజ్ఞులు చింతగింజ పప్పులో సుమారు సగం పాలు నీటితో చేరితే జిగురులా గడ్డకట్టే పదార్థం ఉందని ప్రకటించారు. అప్పటినుండి జనపనార, నూలు మిల్లుల్లో దారానికి గంజి పట్టించడానికి ఈ పప్పుపొడి వాడుకలోకి వచ్చింది. అదే జిగురును శుద్ధిచేసి కళ్లు పొడిబారేవారికి చుక్కలమందుగా కూడా తయారుచేస్తున్నారు. ఇది చదివి ఎవరూ ఇంట్లో చింతగింజ అరగదీసి కంట్లో వేసుకోవద్దని వేడుకుంటున్నాము. ఫ్యాక్టరీ శుద్ధి వేరు, సానరాయి వేరు.

కరువు రోజుల్లో చింతగింజ పేదల తిండి కూడా. మాంసకృత్తులు మెండుగానే ఉన్నాయి. పైన ఉండే ఎర్రని తోలు మాత్రం వగరు, మలబద్ధకం చేస్తుంది. వేయించి, నానబెట్టి, తోలు తీసి లోపలి పప్పునే తినాలి. వేయించిన గింజలు పటపట కొరకడం కొందరికి సరదా. పళ్లమీద ఫ్లోరైడు మరకలు ముదిరినవారు ఆ సరదా మానుకోవాలి. ఆ పళ్లు చూపుకు గట్టిగా ఉన్నా అంచులు సులువుగా విరుగుతాయి.

గింజవల్ల అసలు ప్రమాదం చిన్నపిల్లలకు. వామనగుంటలకు, అష్టాచెమ్మకు తెచ్చిన గింజ ముక్కులోకి, చెవిలోకి, ఒక్కోసారి ఊపిరిగొట్టంలోకి పోతుంది. ముక్కులోకి పోతే పిన్నుతోను, పుల్లతోను తీయబోవద్దు, ఇంకా లోపలికి పోతుంది. తడికి గింజ ఉబ్బుతుంది కనుక ఆలస్యం చేయకుండా తీసుకురండి. పిల్లవాడికి ఒకే ముక్కునుండి దుర్వాసనతో చీమిడి కారుతుంటే, జలుబు కాకపోవచ్చు, ఎప్పుడో పెట్టుకున్న గింజ కావచ్చు.

గొంతుకు అడ్డంపడి దగ్గుతుంటే దగ్గనివ్వండి, గట్టిగా దగ్గే పిల్లవాడు దానంతట అదే బయటికి తేగలడు. దగ్గు రాక, గొంతు పెగలక, పెదవులు నీలంగా మారితే వెంటనే ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయండి. రాకపోతే, ఏడాది దాటిన బిడ్డ అయితే వెనుకనుండి పట్టుకొని బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఏడాది లోపు పసిబిడ్డకు పొట్టమీద నొక్కరాదు. వెల్లకిల పెట్టి ఛాతీ మధ్య రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కాలి. గింజ బయటపడేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేస్తూనే, మరొకరిచేత 108కి ఫోను చేయించండి. గింజ కంటికి కనబడకపోతే నోట్లో వేలుపెట్టి వెదకవద్దు.

ఒకసారి ఉక్కిరిబిక్కిరై తరువాత మామూలుగా ఆడుకుంటున్నాడని ఊరుకోవద్దు. ఆపైన వారాల తరబడి దగ్గు, పిల్లికూతలు ఉంటే గింజ ఊపిరితిత్తిలో కూర్చొని ఉండవచ్చు. ఎక్స్‌రేలో చింతగింజ తరచుగా కనబడదు. అందుకే "ఆ రోజు గింజ నోట్లో పెట్టుకున్నాడు" అన్న మాట మీరు డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఎవరు జాగ్రత్త పడాలి?

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, డయాలిసిస్ చేయించుకునేవారు చింతపండు మోతాదును డాక్టరును అడిగి పెట్టుకోవాలి, అందులో పొటాషియం ఎక్కువ. రక్తపోటు ఉన్నవారికి చింతపండు అడ్డు కాదు, దానితో చేసే ఊరగాయల్లోని ఉప్పు అడ్డు. గుండెకు ఆస్పిరిన్ వాడేవారు మామూలు పులుసు, చారు తినవచ్చు. 1996లో వచ్చిన ఒక నైజీరియా పరిశీలనలో చింతపండుతో ఆస్పిరిన్ ఒంటికి ఎక్కువగా పట్టినట్లు తేలింది కనుక, గ్లాసులకు గ్లాసులు చింతపండు పానకం మాత్రం వద్దు.

కళాయి పూత పోయిన ఇత్తడి, రాగి పాత్రల్లో పులుసు కాచవద్దు, నిలవ పెట్టవద్దు. లోహం పులుపులో కరిగి వాంతులు, కడుపునొప్పి వస్తాయి. చింతపండుతో ఇత్తడి చెంబు ఎలా తళతళలాడుతుందో అందరికీ తెలుసు, ఆ కరిగినదే పులుసులోకి పోతుంది. మట్టికుండ, స్టీలు, జాడీ మంచివి.

నీటి పరీక్షకు ఇలా తీసుకురండి. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను, పరీక్షించవలసిన నీటితోనే మూడుసార్లు కడగండి. బోరును ఐదు నిమిషాలు వదిలి తరువాత పట్టండి. సీసామీద ఊరు, వీధి, బోరు ఎవరిదో, తేదీ రాసి అతికించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద చాలా గ్రామాల్లో మహిళలకు పరీక్ష పెట్టెలు ఇచ్చి శిక్షణ కూడా ఇచ్చారు, మీ పంచాయతీలో అడగండి. ఫలితం కాగితం వచ్చాక, ఇంట్లో నడుము, మెడ బిగుసుకుపోయినవారిని వెంటబెట్టుకొని, ఆ కాగితంతో ఓపీకి రండి. అంతవరకు పులుసు మానక్కరలేదు.